అనుపాలన ధర్మం: సప్తసంతాన భావన వెలుగులో విశ్వవిద్యాలయ ప్రాంగణ పర్యావరణం

వ్యాససంగ్రహం:
విశ్వవిద్యాలయ ప్రాంగణంలో విద్యార్థులు కొన్నేళ్లు మాత్రమే ఉంటారు. అక్కడి చెట్టు, నీరు, నేల అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాలం నిలవవలసినవి. తాను అనుభవించబోని ఫలం కోసం తాత్కాలిక నివాసి ఎందుకు శ్రమించాలి అన్నది ఈ వ్యాసం చర్చించే నైతిక ప్రశ్న. సమాధానం వెతకడానికి తెలుగు సాహిత్యంలోని సప్తసంతాన భావన, రాయలసీమ శాసనాల్లోని దాన-పాలన వివేచన, తాళపత్ర గ్రంథాల ప్రతిలేఖన సంప్రదాయం ఆధారాలుగా తీసుకోవడమైంది. మొక్క నాటడం ఐచ్ఛికమైన పుణ్యకార్యమనీ, అందినదానిని తగ్గకుండా అప్పగించడం తప్పనిసరి ధర్మమనీ, నేటి ప్రాంగణ కార్యక్రమాలు ఈ క్రమాన్ని తలకిందులు చేస్తున్నాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సప్తసంతానాలు, అనుపాలన, ఆచంద్రార్కం, దశబంధం, ప్రతిలేఖనం, ఋషిఋణం, ప్రాంగణ పర్యావరణం.

1. ప్రవేశిక

శేషాచలం కొండల పాదాన, తిరుపతిలో, 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ తరువాతి దశాబ్దాల్లో తిరుపతి పుణ్యక్షేత్రంగానే కాక విద్యాక్షేత్రంగా కూడా ఎదిగింది. సంస్కృత విద్యాపీఠం 1961లో, మహిళా విశ్వవిద్యాలయం 1983లో, పశువైద్య విశ్వవిద్యాలయం 2005లో, ఐఐటీ, ఐసర్ సంస్థలు 2015లో వచ్చాయి. వీటిలో పాత ప్రాంగణాలు కొండకూ ఊరికీ నడుమ ఉన్నాయి. ఆ కొండల్లో ఒక భాగం 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానమైంది. 2010లో శేషాచలం జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటితమైంది. ఎర్రచందనం సహజంగా పెరిగే చోటు ప్రపంచం మొత్తం మీద ఈ కొండలూ, వీటిని ఆనుకొని ఉన్న కొన్ని కొండవరుసలూ మాత్రమే. ప్రాంగణాల్లో చిరుతలు కనిపించాయన్న వార్తలు కొన్నేళ్లుగా తరచుగా వస్తున్నాయి. అడవికీ ప్రాంగణానికీ నడుమ ఎల్ల ఎంత పలుచనిదో ఆ వార్తలు గుర్తుచేస్తున్నాయి.

ఇటువంటి చోట పర్యావరణ పరిరక్షణ గురించి మాట్లాడడం కొత్త కాదు. 1950లో కేంద్రమంత్రి కె. ఎం. మున్షీ ప్రారంభించిన వనమహోత్సవం నాటి నుంచి నేటి వరకు విద్యాసంస్థల్లో ఏటా మొక్కలు నాటుతూనే ఉన్నారు. ఎం. సి. మెహతా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన ఆదేశాల ఫలితంగా పర్యావరణ అధ్యయనం డిగ్రీ స్థాయిలో తప్పనిసరి పాఠ్యాంశమైంది. నాక్ మూల్యాంకనంలో ఏడవ ప్రమాణం కింద హరిత తనిఖీ, ఇంధన తనిఖీ నివేదికలు సమర్పించవలసి ఉంటుంది. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిపై దేశవ్యాప్త నిషేధం అమల్లోకి వచ్చింది. ఏమి చేయాలో, ఎలా చేయాలో చెప్పే సాహిత్యానికి కొరత లేదు. ఎవరు చేయాలి, ఎందుకు చేయాలి అన్న ప్రశ్నకు మాత్రం తగినంత చర్చ జరగలేదు.

ఆ ప్రశ్నలోని చిక్కు కాలానికి సంబంధించినది. స్నాతకోత్తర విద్యార్థి ప్రాంగణంలో ఉండేది రెండేళ్లు. డిగ్రీ విద్యార్థి మూడు నాలుగేళ్లు, పరిశోధక విద్యార్థి అయిదారేళ్లు ఉంటారు. వేపమొక్క పదిమంది కూర్చునే నీడనివ్వడానికి ఈ గడువులేవీ చాలవు. ఎర్రచందనానికి చేవ రావడానికి దశాబ్దాలు పడుతుంది. నాటిన వారెవరూ ఆ నీడలో చదువుకోరు. హాస్టల్ గదిలో ఆరు నెలల తరువాత ఉండబోమని తెలిసినవారు ఆ గది కొళాయి కారుతుంటే పట్టించుకోవలసిన అవసరమేమిటి? ఇది సోమరితనం మీద మోపవలసిన నింద కాదు, జవాబు చెప్పవలసిన తాత్త్విక ప్రశ్న. తెలుగు సాహిత్య అధ్యయనం ఈ జవాబుకు అందించగలది కొంత ఉన్నదని ఈ వ్యాసకర్త భావన.

2. సుస్థిరత, సంతానం

ఐక్యరాజ్యసమితి నియమించిన బ్రంట్‌లాండ్ సంఘం 1987లో ఇచ్చిన నిర్వచనం సుపరిచితమే. రాబోయే తరాలు తమ అవసరాలు తీర్చుకోగల శక్తికి భంగం కలగకుండా నేటి తరం అవసరాలు తీర్చుకోవడం దాని సారాంశం. దీనికి తెలుగులో 'సుస్థిరాభివృద్ధి' అన్న పదం స్థిరపడింది. 'స్థిర' శబ్దం కదలనిదానిని, మారనిదానిని స్ఫురింపజేస్తుంది. చెరువు గానీ తోట గానీ కదలకుండా ఉండి నిలవవు. చెరువులో ఏటా పూడిక చేరుతుంది, కట్ట మీద కంప మొలుస్తుంది, తూము శిథిలమవుతుంది. ఎవరో ఒకరు ఏటా ఏదో ఒకటి చేస్తూ ఉంటేనే చెరువు చెరువుగా ఉంటుంది. పర్యావరణం నిలవడంలోని ఈ క్రియాత్మకతను 'సుస్థిరత' అన్న పదం కప్పిపుచ్చుతుంది.

మన ప్రాచీన వాఙ్మయంలో దీనికి దగ్గరైన మరొక మాట 'సంతానం'. 'తను' ధాతువుకు సాగదీయడం, విస్తరింపజేయడం అని అర్థం. 'తంతువు' అన్న పదమూ ఆ ధాతువు నుంచే వచ్చింది. తెగకుండా సాగేది సంతానం. తటాకం, ధననిక్షేపం, అగ్రహారం, దేవాలయం, వనం, కృతి, పుత్రుడు అనే ఏడింటిని సప్తసంతానాలుగా పరిగణించడం తెలుగు కావ్యాల అవతారికల్లోనూ శాసనాల్లోనూ తరచుగా కనిపిస్తుంది. ఈ పట్టికలో గమనించవలసిన విశేషం, కన్నకొడుకుతో పాటు చెరువూ, తోటా, కావ్యమూ ఒకే వరుసలో చేరడం. కర్త పోయిన తరువాత కూడా కొనసాగవలసినవి ఇవన్నీ. అలా కొనసాగడానికి కర్త కాని మరొకరి చేతి మీద ఆధారపడక తప్పనివి కూడా ఇవన్నీ.

జర్మన్ తత్త్వవేత్త హాన్స్ యోనాస్ 1979లో వెలువరించిన గ్రంథంలో బాధ్యత అనే భావనకు మూలరూపంగా శిశువు పట్ల తల్లిదండ్రుల బాధ్యతను చూపాడు. ప్రతిఫలం ఆశించి నెరవేర్చేది కాదు కనుక భావితరాల పట్ల మన బాధ్యతకూ అదే నమూనా అని అతని వాదం. సప్తసంతానాల పట్టికను కూర్చినవారి మనసులోనూ ఈ సాదృశ్యం ఉండి ఉండాలి. అయితే యోనాస్ బిడ్డ నుంచి మొదలుపెట్టి భావితరాల వైపు వెళ్లాడు. మన పట్టిక బిడ్డనూ చెరువునూ పక్కపక్కనే నిలిపింది.

3. దానం, పాలనం: శాసనాల సాక్ష్యం

దక్షిణ రాయలసీమ వర్షాధార ప్రాంతం. ఏడాది పొడుగునా పారే నదులు లేని ఈ నేలలో వానాకాలపు నీటిని చెరువుల గొలుసుల్లో నిలిపి వ్యవసాయం చేశారు. తిరుమల-తిరుపతి దేవస్థాన శాసనాలను సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి శాసన పరిశోధకుల కృషితో 1930లలో సంపుటాలుగా ప్రచురించారు. విజయనగర కాలానికి చెందిన శాసనాల్లో ఒక ఏర్పాటు మళ్లీమళ్లీ కనిపిస్తుంది. దాత శ్రీభండారంలో ధనం సమర్పిస్తాడు. ఆ ధనంతో దేవస్థాన గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్విస్తారు, లేదా బాగుచేయిస్తారు. పెరిగిన పంట ఆదాయంతో స్వామికి నిత్య నైవేద్యం జరగాలి. కొండ మీద జరిగే నైవేద్యం కొండ కింద ఒక పల్లెలో కాలువ పూడిక తీయడం మీద ఆధారపడి ఉండేదన్నమాట. ఆ ఏర్పాటు సాగవలసిన కాలాన్ని శాసనాలు 'ఆచంద్రార్కం' అని పేర్కొంటాయి. సూర్యచంద్రులున్నంత కాలం సాగాలని కోరుకున్నవారికి మట్టికట్ట అంతకాలం తనంతట తానుగా నిలవదని తెలియకపోదు. అందుకే శాసనాల చివర ధర్మాన్ని కాపాడినవారికి పుణ్యం, చెరిపినవారికి శాపం చెప్పే శ్లోకాలు చేరాయి. వాటిలో బహుళ ప్రచారం పొందిన ఒక శ్లోకం దానానికీ పాలనానికీ తులన చేసి, ఇచ్చినదాని కంటె ఇచ్చినదానిని కాపాడడమే శ్రేయస్కరమని తీర్పు చెబుతుంది. దాతను కీర్తించడానికే చెక్కించిన రాతి మీద దాత కంటె పాలకుడు గొప్పవాడని చెప్పడం ఆలోచించదగిన విషయం.

ఈ తీర్పు శ్లోకానికే పరిమితం కాలేదు. రాయలసీమలో విస్తృతంగా అమలైన దశబంధం అనే ఏర్పాటులో దానికి వ్యావహారిక రూపం కనిపిస్తుంది. చెరువు కట్టినవారికి లేదా బాగుచేసినవారికి దాని కింద సాగయ్యే భూమిలో కొంత వాటాను మాన్యంగా ఇచ్చేవారు. ఆ మాన్యం అనుభవించినంత కాలం చెరువు మరమ్మతు బాధ్యత మాన్యదారుదే. హక్కును నిర్వహణతో ముడివేసిన పద్ధతి ఇది.

శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి ప్రకరణంలో, దేశం చిన్నదైనా చెరువులూ కాలువలూ తవ్వించి పేదరైతుకు పన్ను విషయంలో వెసులుబాటు కల్పిస్తే అర్థమూ ధర్మమూ రెండూ వృద్ధి పొందుతాయని చెప్పాడు. తిరుమలేశునికి అంకితమైన ఈ కావ్యంలో నీటివనరు కేవల పుణ్యకార్యంగా కాక పాలనా విషయంగా నిలిచింది.

పాలన కొరవడితే ఏమవుతుందో ఈ ప్రాంతం ఇటీవలే చూసింది. 2021 నవంబరులో కురిసిన కుండపోత వానలకు తిరుపతి వీధులు ఏరులయ్యాయి. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట నుంచి నీరు ఊరడంతో, కట్ట తెగుతుందన్న భయంతో దిగువ గ్రామాల ప్రజలను ఖాళీ చేయించవలసి వచ్చింది. అవే వానల్లో కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి ప్రాణనష్టం జరిగింది. పాలన అందని సంతానం నిరుపయోగంగా మిగలడంతో ఆగదు, ప్రమాదకరంగా కూడా మారుతుంది.

4. తటాకం, తాళపత్రం

మనుచరిత్ర అవతారికలో కృష్ణదేవరాయలు అల్లసాని పెద్దనను కావ్యం రచించమని కోరుతూ ఒక కారణం చెబుతాడు. సప్తసంతానాల్లో నశించక నిలిచేది కృతి ఒక్కటేనని ఆయన అభిప్రాయం. సాహిత్య విద్యార్థులు ఈ మాటను కావ్యప్రశంసగా చదువుతూ వచ్చారు. పర్యావరణ ప్రశ్నతో చదివితే దీనిలో మరొక సమస్య కనిపిస్తుంది. చెరువు ఎందుకు నశిస్తుంది, కృతి ఎందుకు నిలుస్తుంది?

కృతిని మోసే వస్తువు చెరువు కట్ట కంటె బలహీనమైనది. తాళపత్రాన్ని పురుగు తింటుంది, తేమ చెరుపుతుంది, ఎండ పెళుసుబారుస్తుంది. మన వాతావరణంలో ఒక తాళపత్ర ప్రతి ఆయుర్దాయం కొన్ని వందల ఏళ్లకు మించడం అరుదు. పదహారవ శతాబ్దపు మనుచరిత్ర నేటి వరకు రావడానికి కారణం తాటాకు గట్టిదనం కాదు, తరతరానా ఎవరో ఒకరు దానిని తిరిగి రాయడం. పాత ప్రతి పాడవక ముందే కొత్త ప్రతి సిద్ధం కావాలి. ఒక తరం ఆ పని మానేస్తే ఆ కృతి అక్కడితో ఆగిపోతుంది. పేర్లు మాత్రమే మిగిలిన తెలుగు కావ్యాలు అలా ఆగిపోయినవే. ప్రతుల చివర లేఖకులు రాసుకున్న సంప్రదాయ శ్లోకం ఒకటి ఉంది. నూనె నుంచీ, నీటి నుంచీ, వదులైన కట్టు నుంచీ తనను కాపాడమనీ, మూర్ఖుని చేతికి ఇవ్వవద్దనీ పుస్తకమే వేడుకుంటున్నట్లు అందులో ఉంటుంది. పందొమ్మిదవ శతాబ్దంలో సి. పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి ప్రతులు సేకరించి, సరిపోల్చి, రాయించాడు. అదీ అనుపాలనే. 1939లో దేవస్థానం స్థాపించగా 1956లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి సంక్రమించిన ప్రాచ్య పరిశోధన సంస్థలోని తాళపత్ర భాండాగారమూ ఆ పరంపరలోనిదే.

కాబట్టి రాయల మాటను కొంత సవరించి చదవవలసి ఉంటుంది. కృతి తన స్వభావం చేత అక్షయం కాదు. దానికి వంశపారంపర్యం అక్కరలేని వారసులు, అంటే చదివేవారు, రాసేవారు, చెప్పేవారు నిరంతరం దొరికారు. చెరువుకూ అటువంటి వారసులు దొరికినంత కాలం అది నిలిచింది. పదార్థం వేరైనా రెండింటికీ నిలిచే నియమం ఒకటే. తెలుగు శాఖలో పనిచేసేవారికి ఈ సామ్యం ఒక ప్రత్యేక బాధ్యతను సూచిస్తుంది. తాము రాయని గ్రంథాన్ని తాము ఎరుగని పాఠకుని కోసం శుద్ధంగా అందించడమే పరిష్కర్త వృత్తి. ప్రాంగణంలోని చెట్టు విషయంలో అడుగుతున్నదీ ఆ వృత్తిధర్మాన్నే.

5. తాత్కాలిక నివాసికి బాధ్యత ఎక్కడిది?

మొదట చెప్పుకొన్న ప్రశ్నకు ఇప్పుడు తిరిగి రావచ్చు. ప్రసిద్ధమైన ఒక సమాధానం ఋణభావన. దేవఋణం, పితృఋణం, ఋషిఋణం అనే మూడింటిలో ఋషిఋణం స్వభావం విశిష్టమైనది. ఋషి వద్ద పొందిన జ్ఞానాన్ని తిరిగి ఋషికి చెల్లించే వీలు లేదు. అధ్యయనం చేసి మరొకరికి చెప్పడం ద్వారానే అది తీరుతుంది. ఈ బాకీ వెనక్కి కాక ముందుకు చెల్లుతుంది. నేటి విద్యార్థి నడిచే దారిలోని పాత చెట్లను దశాబ్దాల కిందట ఎవరో నాటి, నీరు పోసి, మేకల నుంచి కాపాడారు. వారికి తిరిగి ఇవ్వడానికి వారు లేరు. రాబోయే విద్యార్థికి ఇవ్వడమే మిగిలిన మార్గం.

దీనికి బలమైన ఆక్షేపం ఒకటి ఉంది. అమెరికన్ తత్త్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లో, అడగకుండా మన మీద కురిపించిన మేలు మనల్ని ఋణగ్రస్తులను చేయదని వాదించాడు. విద్యార్థి ఆ చెట్టును నాటమని ఎవరినీ అడగలేదు. నీడ దొరికింది, నడిచాడు. దానికి బాకీ ఏమిటి? కృతజ్ఞత మీద మాత్రమే ఆధారపడే వాదానికి ఈ ఆక్షేపాన్ని పూర్తిగా తట్టుకొనే శక్తి లేదనే చెప్పాలి.

అయితే ప్రాంగణ నివాసి మేలు పొందడం దగ్గర ఆగరు. భూగర్భజలం తోడుతారు, విద్యుత్తు వాడతారు, మెస్‌లో అన్నం పారేస్తారు, సీసాలు, సంచులు విడిచి వెళ్తారు. ఉన్నంత కాలం ఉమ్మడి నిధి నుంచి కొంత తీసుకొంటారు. కారే కొళాయి నష్టం ఆ గదిలో ఇప్పుడున్న వారిది కాదు, ఎండాకాలంలో బోరు ఎండిన తరువాత వచ్చేవారిది. ఇక్కడ బాధ్యతకు మూలం పొందిన మేలు కాదు, చేసిన తరుగు. తరుగు చేసినవారు దానిని పూడ్చాలనడానికి ముందస్తు అంగీకారం అవసరం లేదు. నివాసం తాత్కాలికమైనా తరుగు తాత్కాలికం కాదు.

ఈ భేదాన్ని బట్టి రెండు స్థాయిల కర్తవ్యాలు ఏర్పడతాయి. అందుకొన్నదానిని తగ్గకుండా అప్పగించడం మొదటిది. ఇది అనుపాలన, తప్పనిసరి ధర్మం. అందుకొన్నదానికి కొత్తగా కొంత చేర్చడం రెండవది. ఇది దానం, ఐచ్ఛికమైన పుణ్యం. నేటి ప్రాంగణాల్లో ఐచ్ఛికమైన దానానికి వేదిక, అతిథి, ఛాయాచిత్రం, నివేదిక ఉన్నాయి. జూలైలో నాటిన మొక్కకు మే నెలలో నీరు పోయడానికి తేదీ లేదు, బాధ్యుడు లేడు. పుణ్యాన్ని ధర్మం స్థానంలో కూర్చోబెట్టడం వల్ల కలిగిన దోషమిది.

తాత్కాలిక నివాసులకు పట్టింపు ఉండదన్న సాధారణ అభిప్రాయాన్నీ పరీక్షించవలసి ఉంది. 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమిలో చెట్ల తొలగింపు మొదలైనప్పుడు విద్యార్థులు ఆందోళనకు దిగారు. ఆ భూమి తనదని రాష్ట్ర ప్రభుత్వం వాదించింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు నిలిపివేయాలని ఆదేశించింది. భూమి యాజమాన్య వివాదం ఈ వ్యాస పరిధిలోనిది కాదు. ఏడాదికో రెండేళ్లకో వెళ్లిపోవలసిన విద్యార్థులు తమకు ఏ హక్కూ సంక్రమించని నేల కోసం నిలబడడం మాత్రం ఇక్కడ ప్రసక్తం. అయితే ఆందోళన ఒక సంక్షోభానికి ప్రతిస్పందన. సంక్షోభం లేని మామూలు రోజుల్లో జరగవలసిన పని అనుపాలన. మొదటిది చేయగల విద్యార్థి లోకం రెండవదానిని ఎందుకు చేయలేకపోతున్నదన్నది సంస్థాగత ప్రశ్న.

ఈ రెండవదానికి ఒక దృష్టాంతం ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే ఉంది. మదనపల్లె సమీపంలో జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల మీద ఏర్పడిన రిషివ్యాలీ పాఠశాల కరవుసీమలోని ఒక లోయలో ఉంది. దశాబ్దాల పాటు చెట్లు పెంచి, వాననీటిని ఇంకించి ఆ లోయను పచ్చబరిచారు. 1991లో అది పక్షుల సంరక్షిత స్థలంగా గుర్తింపు పొందింది. అక్కడి విద్యార్థులూ తాత్కాలిక నివాసులే. వారు మారుతున్నా పని మారలేదు. చిన్న ఆవాస పాఠశాలకు సాధ్యమైనది వేలమంది విద్యార్థులు, ఖాళీ అయిన ఉద్యోగాలు, పరిమిత నిధులు గల ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి యథాతథంగా సాధ్యం కాదు. కానీ వ్యక్తుల తాత్కాలికత పని కొనసాగింపుకు అడ్డంకి కానక్కరలేదని ఈ దృష్టాంతం రుజువు చేస్తుంది. ప్రతి విద్యార్థీ తాత్కాలికమే. విద్యార్థి సముదాయం శాశ్వతం.

6. సప్తసంతాన భావనకు పరిమితులు

ఈ భావనను విమర్శ లేకుండా స్వీకరించడం సరికాదు. పట్టికలో అగ్రహారం ఉంది. అది ఒక వర్ణానికి పరిమితమైన భూదానం. పుత్రుడున్నాడు, పుత్రిక లేదు. ఏడింటి లక్ష్యమూ దాత కీర్తి, దాత పుణ్యం. చెరువు తవ్వించినవారి పేరు శాసనంలో ఉంటుంది, తవ్వినవారి పేరు ఉండదు. కట్ట మీద కాపలా ఉండి, తూము ఎత్తి దించి, పొలాలకు నీరు పంచిన నీరుగట్టువారు చాలా పల్లెల్లో దళిత కుటుంబాలకు చెందినవారు. దానం కంటె పాలనం గొప్పదన్న శ్లోకం పాలకుడనే మాటతో రాబోయే రాజులను ఉద్దేశించింది. రోజువారీ పాలన చేసినవారిని అది తలచుకోలేదు.

ఈ లోపం నేటి ప్రాంగణానికీ సంక్రమించింది. మొక్క దగ్గరి పలకపై నాటిన ప్రముఖుల పేరు కనిపిస్తుంది. దానికి రోజూ నీరు పోసే తోటమాలి పేరు కనిపించదు. మెస్ వ్యర్థాలను తడి, పొడిగా వేరుచేయమని విద్యార్థులకు ఉపన్యాసమిస్తాం. వేరుచేయని చెత్తను చేతులతో వేరుచేసేది తక్కువ వేతనానికి పనిచేసే ఒప్పంద కార్మికులు, వారిలో అధికులు మహిళలు. వారి శ్రమ మీద నిలిచే పరిశుభ్రతను విద్యార్థుల పర్యావరణ స్పృహగా లెక్కించడం నైతికంగా చెల్లదు. కాబట్టి సంతాన భావన నుంచి కీర్తికాంక్షను, వర్ణ, లింగ భేదాలను విడిచిపెట్టి, తరువాతివారి చేతిలో మాత్రమే నిలిచే కార్యం అన్న నిర్మాణాన్ని గ్రహించాలి. అనుపాలనకు అగ్రస్థానం ఇస్తే అనుపాలకులకూ ఆ స్థానం ఇవ్వవలసి ఉంటుంది.

7. ప్రాంగణానికి అన్వయం

కడప జిల్లా పోరుమామిళ్లలో శకవర్షం 1291, అంటే క్రీ. శ. 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూర తవ్వించిన తటాకాన్ని అది వర్ణిస్తుంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు రాకూడని ఆరు దోషాలను అది పేర్కొంటుంది. కట్ట నుంచి నీరు కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల ఎల్లలో ఉండడం, నడుమ తాబేటి వీపులా మిట్ట ఉండడం, నీరు కొంచెమై నేల విస్తారం కావడం, నీరు అధికమై నేల చాలకపోవడం అన్నవి ఆ ఆరు.

ఇవి నేటి హరిత తనిఖీకీ పనికివచ్చే ప్రశ్నలు. కారే కొళాయిలు, పొంగే ట్యాంకులు మొదటి దోషం. తట్టుకోలేని నేలలో అలంకారం కోసం పరాయి మొక్కలు పెట్టడం రెండవదానికి దగ్గరిది. పోయగల నీటిని మించి మొక్కలు నాటి సంఖ్యను నివేదికలో చూపడం అయిదవది. కొండ మీద కురిసిన నీరు కపిలతీర్థం వంటి ధారలుగా దిగి ఊరి గుండా పల్లానికి పోయే తిరుపతిలో, ఆ నీరు ఇంకే నేలను సిమెంటుతో కప్పడం ఆరవది. అన్నింటికంటె ముఖ్యమైనది మూడవది. రెండు రాజ్యాల నడుమ ఉన్న చెరువును ఇద్దరు రాజులూ వాడుకొంటారు, ఎవరూ బాగుచేయరు. శాఖకూ హాస్టల్‌కూ, ఇంజనీరింగ్ విభాగానికీ నగరపాలక సంస్థకూ నడుమ ఉన్న నేల అటువంటిదే. ఉమ్మడి వనరులు నాశనం కాక తప్పదన్న గారెట్ హార్డిన్ వాదానికి బదులుగా ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో చూపినదీ ఇటువంటిదే. ఎల్లలు స్పష్టంగా ఉండి, వాడుకొనేవారే నియమాలు ఏర్పరచుకొని, అమలును తామే పర్యవేక్షించుకొన్న చోట ఉమ్మడి వనరులు తరాలుగా నిలిచాయని ఆమె నిరూపించింది.

దీనిని బట్టి మూడు ఆచరణలను ప్రతిపాదించవచ్చు. మొదటిది అప్పగింత. ప్రతి శాఖ తన చుట్టూ ఉన్న చెట్ల, నీటి వసతుల పట్టికను ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. వెళ్లిపోయే తరగతి వచ్చే తరగతికి వాటి స్థితిని సరిచూసి అప్పగించాలి. రెండేళ్లకు మించి ఉండే పరిశోధక విద్యార్థులు ఈ గొలుసుకు లంకెగా ఉండాలి. నాటిన మొక్కల సంఖ్యకు బదులు మూడవ వేసవి దాటి బతికిన మొక్కల సంఖ్య నివేదికకు ఎక్కాలి. రెండవది గుర్తింపు. తోటమాలులు, పారిశుద్ధ్య కార్మికులు ప్రాంగణ పర్యావరణ సంఘాల్లో సభ్యులుగా ఉండాలి. ఏ చెట్టుకు ఏ నెలలో ఏమి కావాలో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మూడవది తెలుగు శాఖలు ప్రత్యేకంగా చేయగలది. ప్రాంగణంలోని ప్రతి చెట్టుకూ, పిట్టకూ, నీటి అమరికకూ ఈ ప్రాంతపు జనం వాడే పేర్లను సేకరించి నమోదు చేయాలి. చెరువు మరవ, తూము, వంక, కసం వంటి మాటలు నిఘంటువుకే పరిమితమైతే ఆ వస్తువులను గమనించే చూపు కూడా మందగిస్తుంది. పేరు తెలియనిదాని స్థితిని మరొకరికి అప్పగించడం కష్టం.

ఒక ఆక్షేపాన్ని ఇక్కడ ప్రస్తావించాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు వచ్చేవారిలో చాలామంది తమ కుటుంబంలో చదువుకొంటున్న తొలి తరం. ఉపకారవేతనం కోసం, ఉద్యోగం కోసం ఆరాటపడేవారి మీద మరొక బరువు మోపడం న్యాయమా? బాధ్యత తరుగుకు అనుగుణంగా ఉండాలన్నది పై వాదం కనుక జవాబు అందులోనే ఉంది. ఎక్కువ వాడేవారి బాధ్యత ఎక్కువ. ఎక్కువ కాలం ఉండేవారి బాధ్యత అంతకంటె ఎక్కువ. ముప్పై ఏళ్లు ప్రాంగణంలో గడిపే అధ్యాపకులు, నిధులూ నిర్ణయాలూ చేతిలో ఉన్న పాలనా విభాగం ముందు వరుసలో ఉండాలి. పెద్దవారు చేయని పనిని పిల్లలకు పాఠంగా పెట్టడం ఏ ధర్మశాస్త్రం ప్రకారమూ చెల్లదు.

8. ముగింపు

పై చర్చ నుంచి తేలిన అంశాలు ఇవి:

1. పర్యావరణం నిలవడమంటే మారకుండా ఉండడం కాదు, ఒక చేతి నుంచి మరొక చేతికి తెగకుండా సాగడం. 'సుస్థిరత' కంటె 'సంతానం' అన్న ప్రాచీన భావన ఈ అర్థానికి దగ్గరగా ఉంది.

2. కృతి నిలవడానికి, చెరువు నశించడానికి కారణం వాటి పదార్థంలో లేదు. ప్రతిలేఖకులు దొరికినంత కాలం తాళపత్రం, పూడిక తీసేవారు దొరికినంత కాలం తటాకం నిలుస్తాయి.

3. తాత్కాలిక నివాసి బాధ్యతకు మూలం పొందిన మేలు కంటె చేసిన తరుగు. కాబట్టి అందుకొన్నదానిని తగ్గకుండా అప్పగించడం తప్పనిసరి, కొత్తగా చేర్చడం ఐచ్ఛికం. ప్రాంగణ కార్యక్రమాల్లో ఈ క్రమాన్ని పునరుద్ధరించాలి.

4. సప్తసంతాన భావన దాతను కీర్తించి శ్రామికుణ్ణి విస్మరించింది. అనుపాలన ధర్మాన్ని నేడు స్వీకరించేవారు ఆ విస్మృతిని సరిదిద్దవలసి ఉంది.

తిరుమల శాసనాల్లోని చెరువు, కాలువల ప్రస్తావనలను గ్రామాలవారీగా గుర్తించి, వాటిలో నేటికీ నీరు నిలిచేవి ఏవో, నిలవనివి ఎందుకు నిలవడం లేదో క్షేత్రస్థాయిలో పరిశీలించడం ఈ దిశలో జరగవలసిన తదుపరి పరిశోధన. శాసనం చదవగల తెలుగు విద్యార్థి, నేల చదవగల భూగోళశాస్త్ర విద్యార్థి, ఆ కట్ట మీద తిరిగిన రైతు కలిసి చేయవలసిన పని అది.